స్ట్రోక్ మందుల సంగతి తేల్చండి: ఒక మందుల షాపు నుంచి బహిరంగ లేఖ

ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ గారికి,
డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఆఫ్ ఇండియా గారికి,

నమస్కారం. నేను ఫార్మకాలజీలో ఎం.ఫార్మసీ చదివి, పశ్చిమగోదావరి జిల్లాలో ఒక మోస్తరు ఊళ్లో మందుల షాపు పెట్టుకున్నవాణ్ణి. పక్షవాతం (స్ట్రోక్) వచ్చినవాళ్ల మందుల చీటీలు మా కౌంటరు మీదకి వస్తూనే ఉంటాయి. మెదడుని కాపాడతాయన్న పేరుతో ఆ చీటీల్లోకి ఎక్కే మందులు కొన్ని ఉన్నాయి. అవి నిజంగా కాపాడుతున్నాయా అని అడిగే నాథుడు లేడు. ఇంకోపక్క, నిజంగానే కాపాడతాయేమో అని ఆశ పుట్టిస్తున్న చవక పద్ధతులు ఉన్నాయి. వాటి మీద డబ్బు పెడితే ఏ కంపెనీకీ పైసా లాభం రాదు. ఈ రెండు చిక్కులూ విప్పగలిగింది మీ ఇద్దరే కాబట్టి ఉత్తరం ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

ముందు చీటీ సంగతి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన స్ట్రోక్ పేషెంటు చీటీ చాలావరకు ఒకేలా ఉంటుంది. ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఒకటి, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, బీపీ బిళ్ల, సుగరుంటే సుగరు బిళ్ల. చివర్లో, మెదడుని కాపాడుతుందని రాసే సిటికోలిన్. ఒక్కోసారి దాన్లోనే పిరాసెటామ్ అనే ఇంకో మందు కూడా కలిసి ఉంటుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పది బిళ్లల స్ట్రిప్పు లెక్కన నెలకి ఆరు స్ట్రిప్పులు. చాలా చీటీల్లో బిల్లులో పెద్ద భాగం ఈ ఒక్క మందుదే.

చేతిలో డబ్బులు ఆడని నెలలో జనం చేసే పని చూస్తే మీకు టెన్షన్ వస్తుంది. "ఆ పెద్ద బిళ్ల ఇచ్చెయ్యండి, చిన్నవి వచ్చే వారం పట్టుకెళ్తాం" అంటారు. ఖరీదైంది కాబట్టి అదే అసలు మందని వాళ్ల లెక్క. చిల్లర డబ్బులకి వచ్చే ఆస్పిరిన్‌కి ఏం బలం ఉంటుందని అనుకుంటారు. భర్తకి ఎడమ పక్క పడిపోయిన ఒకావిడ సిటికోలిన్ స్ట్రిప్పు చేత్తో పట్టుకుని, "ఈ బిళ్ల మానేత్తే మళ్లీ వచ్చేత్తాదాండీ?" అని అడిగింది. మళ్లీ రాకుండా చూసేది అది కాదమ్మా, ఇదిగో ఈ చిన్నదీ, బీపీదీ అని వేలు పెట్టి చూపించాను. ఆవిడ నమ్మలేదు. నరాల బలానికని డాక్టరు గారు రాసిచ్చిన దాన్ని కౌంటరు వెనక ఉన్నవాడు కాదంటే ఎవరు నమ్ముతారు?

సిటికోలిన్ మీద పరీక్ష జరగలేదని కాదు. ఐరోపాలో ఇక్టస్ అనే పేరుతో పెద్ద ట్రయల్ జరిగింది. స్పెయిన్, పోర్చుగల్, జర్మనీ ఆస్పత్రుల్లో 2,298 మంది మీద, సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మందు. ఇక కొనసాగించినా తేడా కనపడదని తేలి మధ్యలోనే ఆపేశారు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2020లో కోక్రేన్ సంస్థ వాళ్లు అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసి, చావు విషయంలో గానీ వైకల్యం విషయంలో గానీ తేడా ఉంటే గింటే కొద్దిపాటిదేనని తేల్చారు. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, న్యూరాలజిస్టులందరికీ తెలుసు. అడిగితే "నష్టం లేదుగా, పాపం ఏదో ఒకటి ఇవ్వాలిగా" అంటారు. నష్టం ఎలా ఉంటుందో పైన చెప్పాను. వాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చెయ్యి కదలని మనిషి ఎదురుగా కూర్చుని "ఇంకేం మందు లేదా సార్" అని అడుగుతుంటే ఖాళీ చీటీ ఇవ్వడం ఎవరికైనా కష్టమే. అసలు మందు లేని చోట ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. మా వైపు పావురం రక్తం పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సిటికోలిన్ అంతకంటే శుభ్రంగా ప్యాక్ అయి వస్తుంది, అంతే.

అయితే మెదడుని కాపాడే మందు అనే ఆలోచనే తప్పా? కాదు. స్ట్రోకుల్లో ఎక్కువ శాతం రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చేవే. గడ్డ పడిన చోట మధ్యలో ఉన్న కణాలు నిమిషాల్లోనే పోతాయి. దాని చుట్టూ ఉన్న భాగం మాత్రం వెంటనే పోదు. కాలవ లాకులు మూసేసినా శివారు చేలకి పక్క బోదెల నుంచి ఊట నీరు కాస్త అంది, పైరు వాడుతుందే గానీ రెండు మూడు రోజుల దాకా ఎండదు. అలాంటి స్థితి. లండన్‌లో లిండ్సే సైమన్ బృందం 1970ల్లోనే దీన్ని కనిపెట్టింది, దీన్నే పెనంబ్రా అంటారు. మనం కాపాడుకోవాల్సింది ఆ భాగాన్నే. నాళం మూసుకున్న ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) పోతాయని 2006లో జెఫ్రీ సేవర్ లెక్క కట్టారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. అది నాలుగున్నర గంటల దాకా ఇవ్వొచ్చని 2008లో తేలింది. 2015లో ఒకే ఏడాది ఐదు ట్రయల్స్ వచ్చి, కాథెటర్ అనే సన్నని గొట్టంతో గడ్డని బయటికి లాగేస్తే మనుషులు లేచి నడుస్తున్నారని రుజువు చేశాయి. ఇవన్నీ దారి తెరిచే వైద్యాలు. దారి తెరుచుకునే దాకా ఆ వాడిపోతున్న కణాలు చావకుండా పట్టి ఉంచేదీ, తెరుచుకున్నాక ఒక్కసారిగా దూసుకొచ్చే రక్తం చేసే చెరుపు నుంచి కాపాడేదీ ఇంకా మన చేతికి రాలేదు.

ప్రయత్నం చెయ్యక కాదు. మెల్‌బోర్న్ పరిశోధకులు 2006లో కూర్చుని లెక్కపెడితే, అప్పటికి ప్రయోగశాలల్లో పరీక్షించిన స్ట్రోక్ మందులు, పద్ధతులు 1,026 తేలాయి. వాటిలో 114 మనుషుల దాకా వచ్చాయి. ఎలకల్లో అద్భుతంగా పనిచేసినవి మనుషుల దగ్గరికి వచ్చేసరికి వరసపెట్టి చతికిలపడ్డాయి. ఎందుకో చెప్పడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఎలక కుర్రది, మగది, ఒంట్లో ఏ రోగమూ లేనిది. పేషెంటేమో అరవై దాటినవాడు, బీపీ, సుగరు, పైగా చుట్ట అలవాటు. ఎలకకి గడ్డ పెట్టిన నిమిషాల్లో మందు పడుతుంది. మనిషికి ఆటో దొరికి, టౌనుకి చేరి, స్కాన్ అయ్యేసరికి పూట గడుస్తుంది.

ఇక్కడ మన ఎం.ఫార్మసీ కాలేజీల గురించి చెప్పాలి, ఇది నాకు దగ్గరగా తెలిసిన విషయం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫార్మకాలజీ థీసిస్‌లు తిరగేస్తే ఫలానా ఆకు రసానికి మెదడుని కాపాడే గుణం ఉంది అనేవి బోలెడు కనిపిస్తాయి. ఆకు మారుతుంది, పద్ధతి మారదు. ఎలకకి వారం పది రోజులు ముందుగా ఆ రసం నోట్లో పోస్తారు. తర్వాత మెడలో రెండు కెరోటిడ్ నాళాలూ క్లిప్పులతో కాసేపు బిగించి వదిలేస్తారు. ఆ తర్వాత మెదడు తీసి ముక్కలు కోసి రంగు వేసి చూస్తారు. బతికి ఉన్న భాగం ఎర్రగా వస్తుంది, చచ్చిన భాగం తెల్లగా ఉండిపోతుంది. రసం తాగిన ఎలకలో తెలుపు తక్కువ. థీసిస్ అయిపోయింది, డిగ్రీ వచ్చింది. ఏ మనిషికైనా పక్షవాతం వారం ముందు కబురు పెట్టి వస్తుందా? పైగా తెల్లని భాగం కొలిచే విద్యార్థికి ఏ ఎలక దేనిదో ముందే తెలుసు. ఆ పిల్లల తప్పేం లేదు. ఆరు నెలల్లో, కాలేజీ ఇచ్చిన నాలుగు బోనుల్లో అంతకంటే ఏం చేస్తారు?

అమెరికాలో ఇదే జబ్బుకి మందు వేశారు. అక్కడి జాతీయ నరాల వ్యాధుల సంస్థ స్పాన్ అనే పేరుతో ఆరు ప్రయోగశాలల్ని ఒక తాటి మీదకి తెచ్చింది. ఆరు చికిత్సల్ని ఒకే పద్ధతిలో అన్నిచోట్లా పరీక్షించారు. ఆడవీ మగవీ, ముసలివీ, లావెక్కినవీ, బీపీ ఉన్నవీ అన్నిటినీ తీసుకున్నారు. ఎలక నడకని వీడియో తీసి, ఏది మందు తిన్న ఎలకో తెలియనివాళ్ల చేత మార్కులు వేయించారు. చివరికి యూరిక్ యాసిడ్ ఒక్కటే నిలబడింది. మన దగ్గర కాలేజీలు ఉన్నాయి, చదువుకున్న పిల్లలు ఉన్నారు, హైదరాబాదులో ఔషధ పరిశ్రమంతా ఉంది. ఐసీఎంఆర్ ఒక ఉమ్మడి ప్రోటోకాల్ రాసి, మందు స్ట్రోక్ తర్వాతే ఇవ్వాలనే షరతు పెట్టి, ఓ పది కాలేజీలకి నిధులిస్తే విడివిడిగా పోగవుతున్న ఆ థీసిస్‌ల బదులు పనికొచ్చే జవాబు ఒకటైనా వస్తుంది. పనికిరాదని తేలినా అది జవాబే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డ్రగ్స్ కంట్రోలర్ గారూ, ఇది ముఖ్యంగా మీకు. సోవాటెల్టైడ్ అనే ఇంజెక్షన్‌కి 2023లో మీ కార్యాలయం అనుమతి ఇచ్చింది. స్ట్రోక్ వచ్చిన 24 గంటల లోపు మొదలుపెట్టొచ్చు. ఎండోథీలిన్-బి అనే గ్రాహకం మీద పనిచేసి, రక్తప్రసరణ పెంచుతుందనీ, మెదడు తనని తాను బాగుచేసుకోవడానికి తోడ్పడుతుందనీ దాని వెనక ఉన్న ఆలోచన. గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేళ దాటిపోయి వచ్చేవాళ్లే ఎక్కువగా ఉన్న మన దేశానికి 24 గంటలన్న మాట ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలోనే ట్రయల్ జరిగి, మన దేశంలోనే ముందుగా అనుమతి వచ్చింది. చదివినప్పుడు నాకూ సంతోషంగానే అనిపించింది. తర్వాత ట్రయల్ వివరాలు చూశాను. మూడో దశలో ఉన్నది 158 మంది. సగం మందికి మందు, సగం మందికి సెలైన్. ఫలితం మందు వైపే ఉంది, బాగానే ఉంది. కానీ 158 మందే.

తక్కువ మంది అయితే ఏమవుతుందో ఈ రంగానికి చేదు అనుభవం ఉంది. ఆస్ట్రాజెనెకా కంపెనీ మందు ఎన్ఎక్స్‌వై-059 సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2006లో సెయింట్-1 ట్రయల్, 1,700 మందికి పైగా పేషెంట్లు, మందు పనిచేస్తోందని ఫలితం. ప్రపంచమంతా పండగ చేసుకుంది. మర్నాడే వాడకంలోకి తెచ్చేయలేదు, ఇంకోసారి చూద్దామన్నారు. 2007లో సెయింట్-2, 3,300 మంది. ఏ తేడా లేదు. మందు అక్కడితో మూలపడింది. 1,700 మందిలో వచ్చిన మంచి ఫలితమే నిలవకపోతే, 158 మందిలో వచ్చిన దాని మీద ఎంత బరువు మోపగలం? సోవాటెల్టైడ్ పనిచేయదని నేను అనడం లేదు. పనిచేస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. ఇంకా తెలియలేదు అంటున్నాను. తెలియని దాన్ని తెలిసినట్టు అమ్మితే, ఇంకో పదేళ్లకి అది కూడా సిటికోలిన్ పక్కన, నరాల బలానికి అనే వరసలో వెళ్లి కూర్చుంటుంది.

ఎడారవోన్ అనే మందు చూడండి. జపాన్‌లో స్ట్రోక్‌కి 2001 నుంచి ఉంది, మన దగ్గరా వాడుతున్నారు. చైనాలో దాన్ని డెక్స్‌బోర్నియోల్ అనే ఇంకో మందుతో కలిపి వెయ్యి మందికి పైగా పేషెంట్ల మీద ట్రయల్ చేసి, కలిపింది మెరుగని 2021లో చెప్పారు. దేనికంటే మెరుగు? ఒట్టి ఎడారవోన్ కంటే. ఉత్తుత్తి మందుతో పోల్చలేదు. ఇలాంటి చిన్న అక్షరాలు చదివి చెప్పాల్సింది మీరే, మెడికల్ రెప్ చెప్పడు.

ఇంకో విషయం. ఒక దేశంలో తేలింది ఇంకో దేశానికి యథాతథంగా సరిపోకపోవచ్చు. పక్కన ఇచ్చే వైద్యం మారితేనే ఫలితం మారిపోవచ్చు. కెనడావాళ్ల నెరినెటైడ్ అనే మందు విషయంలో అలాగే అనిపించింది. 2020లో వచ్చిన ట్రయల్‌లో 1,105 మంది, అందరికీ కాథెటర్‌తో గడ్డ తీశారు. మొత్తమ్మీద చూస్తే లాభం లేదు. కానీ గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడనివాళ్లని విడదీసి చూస్తే లాభం ఉన్నట్టు కనిపించింది. ఆ ఇంజెక్షన్ వల్ల రక్తంలో పుట్టే ప్లాస్మిన్ అనే ఎంజైము ఈ మందుని ముక్కలు చేసేస్తోంది, అదీ కథ. సరే, ఆ ఇంజెక్షన్ లేనివాళ్లతోనే మళ్లీ ట్రయల్ పెట్టారు. ఈసారీ ప్రధానంగా ఆశించిన ఫలితం రాలేదు. మన దగ్గర గడ్డ లాగే క్యాథ్‌ల్యాబ్‌లు పెద్ద ఊళ్లలోనే ఉన్నాయి, గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ మాత్రం కొంతైనా అందుతోంది. పైగా మనవాళ్లకి పుర్రె లోపలి నాళాలు సన్నబడి వచ్చే స్ట్రోకులు పాశ్చాత్యుల కంటే ఎక్కువని హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో స్ట్రోక్ పేషెంట్ల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీ ఎప్పుడో చూపించింది. అంచేత ఏ మందైనా మన పేషెంట్లలో, మన వైద్యంతో కలిపి చూడందే ఒప్పుకోకూడదు.

చవక పద్ధతులన్నాను కదా. అందులో నాకు బాగా ఆశ ఉన్నది బీపీ మిషన్ పట్టీ. చేతికి పట్టీ కట్టి రక్తం ఆగేలా ఐదు నిమిషాలు బిగించి, ఐదు నిమిషాలు వదిలి, అలా ఐదుసార్లు. చేతికి కలిగిన ఆ చిన్న ఇబ్బంది వల్ల ఒళ్లంతా, మెదడుతో సహా, రక్తం కొరతకి తట్టుకునేలా తయారవుతుందని ఊహ. చైనాలో రికామిస్ అనే ట్రయల్‌లో సుమారు 1,800 మంది మీద చూసి, బాగా కోలుకున్నవాళ్లు 62 శాతం నుంచి 67 శాతానికి పెరిగారని 2022లో ప్రకటించారు. మరుసటేడు డెన్మార్క్ ట్రయల్‌లో అంబులెన్సులోనే పట్టీ కట్టడం మొదలుపెట్టారు, తేడా రాలేదు. ఒకటి అవునంది, ఒకటి కాదంది. మూడోది మనం ఎందుకు చెయ్యకూడదు? పట్టీకి పేటెంట్ లేదు, ఏ కంపెనీ ముందుకు రాదు. ఆక్సిజన్ కూడా ఇంతే. బ్రిటన్‌లో 8,000 మందితో ట్రయల్ చేసి, సన్నగా ఆక్సిజన్ పెట్టి చూస్తే 2017లో ఏమీ తేలలేదు. 2025లో చైనావాళ్లు 282 మందితో ట్రయల్ చేసి, గడ్డ తీసే వైద్యంతోపాటు మాస్కుతో గట్టిగా ఆక్సిజన్ ఇచ్చి చూస్తే మంచి ఫలితం వచ్చింది. దారి తెరుచుకోబోతున్నవాళ్లకి, అదీ ఎక్కువ మోతాదులో ఇచ్చారు కాబట్టి పనిచేసిందా, లేక ఇదీ సెయింట్-1 లాంటి సంబరమా? సర్కారు డబ్బుతో తప్ప ఈ ప్రశ్న తేలదు.

పట్టీకైనా, మందుకైనా మొదటి గంటే ముఖ్యం కాబట్టి 108 గురించి కూడా ఆలోచించండి. లాస్ ఏంజెలెస్‌లో ఫాస్ట్-మ్యాగ్ అనే ట్రయల్‌లో అంబులెన్స్ సిబ్బందే 1,700 మందికి మెగ్నీషియం గానీ ఉత్తుత్తి మందు గానీ మొదలుపెట్టారు. సగం మందికి స్ట్రోక్ మొదలైన 45 నిమిషాల లోపే మందు పడింది. మెగ్నీషియం పనిచేయలేదు, 2015లో ఆ మాట నిజాయితీగా చెప్పారు. కానీ దార్లోనే ట్రయల్ పెట్టడం సాధ్యమేనని తేలింది. 108 మొదలైందే 2005లో మన హైదరాబాదులో. సీటీ స్కాన్ పెట్టిన మొబైల్ స్ట్రోక్ బండ్లని అస్సాంలో నడిపిన అనుభవం ఐసీఎంఆర్‌కే ఉంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో అలాంటిదొకటి తిప్పితే కాదనేవాళ్లు ఉండరు. (రోడ్ల గురించి ఇక్కడ మాట్లాడను, అది వేరే శాఖ.)

మనవల్ల అవుతుందా అని ఎవరైనా అంటే నా దగ్గర రెండు ఉదాహరణలు ఉన్నాయి. ఐసీఎంఆర్ డబ్బుతో నడిచే ఇన్‌స్ట్రక్ట్ అనే ఆస్పత్రుల నెట్‌వర్క్ 31 ఆస్పత్రుల్లో, 12 భాషల్లో, 4,298 మంది స్ట్రోక్ పేషెంట్లతో స్ప్రింట్ ఇండియా ట్రయల్ చేసింది. అది మందుల ట్రయల్ కాదు, రెండో స్ట్రోక్ రాకుండా ఎస్సెమ్మెస్‌లు, వీడియోలు పంపడం పనిచేస్తుందా అని చూసింది. పనిచేయలేదని 2023లో రాశారు. రెండోది, 2014లో వచ్చిన ఇన్వెస్ట్ ట్రయల్. ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలు 120 మందిలో పరీక్షించి, ప్రమాదం లేదు, ప్రయోజనం కూడా కనిపించలేదని దాచకుండా చెప్పారు. మూలకణాల పేరుతో లక్షలు గుంజేవాళ్లు ఉన్న దేశంలో అలా చెప్పడానికి గుండె ఉండాలి. మనుషులు ఉన్నారు, నెట్‌వర్క్ ఉంది. పెద్ద మందు ట్రయల్ ఒక్కటి ఆ చేతుల్లో పెట్టండి.

మొదట సోవాటెల్టైడ్ పెట్టండి. కంపెనీకి సంబంధం లేనివాళ్ల చేత, 158 కాకుండా వేలల్లో. దాంతోపాటే పట్టీ కూడా పరీక్షించే వీలుందేమో మీ స్టాటిస్టీషియన్లని అడగండి. అనుమతి తర్వాత మార్కెట్లో వాడినవాళ్ల వివరాలు కంపెనీ నుంచి తెప్పించి జనం చదివేలా పెట్టండి. సిటికోలిన్ సంగతి ఒక నిపుణుల కమిటీకి ఇచ్చి, స్ట్రోక్‌కి దాన్ని అమ్ముకోవడానికి ఆధారం చూపించమని తయారీదార్లని గడువు పెట్టి అడగండి. చూపిస్తే ఆ మాట పైకి చెప్పండి, నేనూ నోరు మూసుకుని అమ్ముకుంటాను.

ఫార్మసిస్టుల వైపు నుంచి ఒక మాట. స్ట్రోక్ ట్రయల్స్‌లో అసలు ఫలితం తేలేది తొంభయ్యో రోజున. పేషెంటు తన పనులు తాను చేసుకుంటున్నాడా, ఎవరైనా పట్టుకోవాలా, మంచం దిగలేకపోతున్నాడా అని సున్నా నుంచి ఆరు దాకా ఒక అంకె వేస్తారు. అది ఫోన్లో కూడా వేయొచ్చు, దానికి శిక్షణ ఉంది. ఆ తొంభై రోజులూ నెలనెలా ఆ కుటుంబం వచ్చేది మా దగ్గరికే. వాళ్ల ఫోన్ నంబర్లు మా బిల్లు పుస్తకాల్లో ఉంటాయి, చాలామందిని పేరు పెట్టి పిలుస్తాం. వాళ్ల అనుమతి తీసుకుని, ఆ శిక్షణ మాకు ఇప్పించి, రిజిస్ట్రీలో మాకొక లాగిన్ ఇస్తే ఏ మందు తీసుకున్నవాళ్లు ఏ అంకె దగ్గర ఉన్నారో నింపి పంపుతాం. డబ్బులు అడగం. ఫారం తెలుగులో ఉంటే చాలు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
పశ్చిమగోదావరి జిల్లా